442 ఏళ్ల బాకీ

కొట్టినవాడు జైలుకెళ్తాడు. సరే... మరి దెబ్బలు తిన్నవాడి ఆస్పత్రి ఖర్చు ఎవరు భరించాలి? సంపాదించే చెయ్యి పడిపోతే ఆ ఇల్లు ఎలా గడవాలి? ఆ బాధ్యతలో సర్కారుకూ వాటా ఉందంటోంది చట్టం. కాకపోతే, అడగాలి!

బ్రిటన్‌లో 1951లో ఇద్దరు దుండగులు ఓ వ్యక్తిపై దాడిచేశారు. ప్రాణం దక్కింది కానీ కళ్లు పోయాయి. అతనికి 11,500 పౌండ్ల పరిహారం చెల్లించాలని కోర్టు తీర్పు చెప్పింది. వాళ్ల దగ్గర అంత సొమ్మెక్కడిది? చివరికి వారానికి చెరో అయిదు షిల్లింగులు కట్టేలా తేల్చారు. ఇద్దరిదీ కలిపితే వారానికి అర పౌండు, ఏడాదికి 26 పౌండ్లు. ఆ లెక్కన చివరి వాయిదా అందుకోవాలంటే ఆ అంధుడు ఇంకో 442 ఏళ్లు బతకాలి!

ఈ లెక్కను 1957లో ‘అబ్జర్వర్’ పత్రికలో రాసింది మార్జరీ ఫ్రై. జైళ్ల సంస్కరణ కోసం జీవితమంతా పాటుపడిన ఆమెకు అప్పుడు 83 ఏళ్లు. ఖైదీల మంచిచెడ్డల కోసం అన్నేళ్లు పోరాడిన మనిషే, బాధితుల గోడు ఎవరికీ పట్టడం లేదని గుర్తించింది. ఆత్మరక్షణ కోసం ఆయుధం పట్టుకు తిరగొద్దని పౌరులకు చెప్పే ప్రభుత్వం, తాను కాపాడలేకపోయినప్పుడు చేతులు దులుపుకుంటే ఎలా అన్నది ఆమె ప్రశ్న. మరుసటి ఏడాదే ఆమె కన్నుమూసింది. ఆ ప్రశ్న మాత్రం నిలిచింది. 1963లో న్యూజిలాండ్ ఇందుకోసం చట్టం చేసింది. 1964లో బ్రిటన్, 1965లో అమెరికాలోని కాలిఫోర్నియా అదే బాట పట్టాయి.

మన దగ్గర ఆలస్యంగా...

మన దేశంలో చాలాకాలం పాటు నేరస్తుడికి వేసే జరిమానాలోంచే బాధితుడికి కొంత ఇప్పించేవారు. కానీ నేరస్తుడు దొరకాలి, నేరం రుజువవ్వాలి, పైగా అతని దగ్గర డబ్బుండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకున్నా బాధితుడికి మిగిలేది ఖాళీ చెయ్యే.

2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినులపై యాసిడ్ దాడి జరిగింది. రోజుల వ్యవధిలోనే ముగ్గురు నిందితులూ పోలీసు కాల్పుల్లో మరణించారు. ఎక్కడ చూసినా ఆ ఎన్‌కౌంటర్ గురించే చర్చ. బాధితురాళ్లలో ఒకరు ఆ నెలాఖరులో కన్నుమూశారు. సరిగ్గా అదే నెలలో పార్లమెంటు నేర విచారణ స్మృతికి ఓ సవరణను ఆమోదించింది. అందులో కొత్తగా చేర్చిన 357ఎ సెక్షన్ ప్రకారం ప్రతి రాష్ట్రమూ బాధితుల పరిహారం కోసం పథకం పెట్టి, నిధి కేటాయించాలి. 2009 డిసెంబరు 31 నుంచి అది అమల్లోకి వచ్చింది. 2024 జులై 1 నుంచి పాత స్మృతి స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. ఇప్పుడీ హక్కు అందులోని 396వ సెక్షన్‌లో ఉంది.

చట్టం కాగితం మీదే ఉండిపోకుండా కదిలించినవారిలో లక్ష్మి ఒకరు. 2005లో దిల్లీలో పదిహేనేళ్ల వయసులో ఆమె యాసిడ్ దాడికి గురైంది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు గడప తొక్కింది. 2013 జులైలో కోర్టు ఆదేశాలిచ్చింది. యాసిడ్ బాధితులకు రాష్ట్రం కనీసం మూడు లక్షల రూపాయలివ్వాలి. అందులో లక్ష రూపాయలు, దాడి విషయం ప్రభుత్వం దృష్టికి వచ్చిన పదిహేను రోజుల్లోనే అందాలి, మిగిలింది ఆ తర్వాత రెండు నెలల్లో ఇవ్వాలి. ఒకదాని వెంట ఒకటిగా ఆపరేషన్లు చేయించుకోవాల్సిన మనిషికి, మొదటి వారాల్లో అందే రూపాయికీ పదేళ్ల తర్వాత అందే రూపాయికీ ఎంత తేడా!

నేరస్తుడు దొరక్కపోయినా...

చాలా కుటుంబాలు పొరబడేది ఇక్కడే. ‘కేసు తేలాక చూద్దాంలే’ అనుకుంటారు. ‘వాడెవడో తెలియనే తెలియదు, ఇంక పరిహారం ఎవరిస్తారు’ అని ఊరుకుంటారు. నిజానికి నేరస్తుడెవరో తెలియకపోయినా, విచారణే జరగకపోయినా బాధితులు దరఖాస్తు చేసుకోవచ్చు. బాధితులు చనిపోతే, వారి మీద ఆధారపడినవారు ఆ పని చేయవచ్చు. నిందితుడు నిర్దోషిగా బయటపడ్డా, బాధితులకు ఆసరా అవసరమనిపిస్తే పరిహారం ఇవ్వాలని కోర్టు సిఫార్సు చేయవచ్చు.

మొత్తాలు రాష్ట్రాన్ని బట్టి, నేరాన్ని బట్టి మారుతుంటాయి. మహిళా బాధితుల కోసం జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2018లో ఓ నమూనా పథకాన్ని రూపొందించింది. దాని ప్రకారం ప్రాణం పోతే అయిదు నుంచి పది లక్షలు, యాసిడ్ దాడిలో ముఖం వికృతమైతే ఏడు నుంచి ఎనిమిది లక్షల రూపాయలు ఇవ్వాలి. ఘటన జరిగిన నాటి నుంచి గానీ విచారణ ముగిసిన నాటి నుంచి గానీ మూడేళ్లలోగా దరఖాస్తు చేసుకోవాలి.

అడిగేదెక్కడ?

జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో. సాధారణంగా దీని కార్యాలయం జిల్లా కోర్టు ప్రాంగణంలోనే ఉంటుంది. ఎఫ్ఐఆర్ నకలు, వైద్య నివేదికలు, మరణం సంభవిస్తే మరణ ధ్రువపత్రం దగ్గర పెట్టుకోవాలి. రెండు నెలల్లో విచారణ పూర్తిచేసి ఎంత ఇవ్వాలో తేల్చాలన్నది చట్టం పెట్టిన గడువు. ఈలోగా తక్షణ సాయం కూడా కోరవచ్చు. ఎవరిని అడగాలో తెలియకపోతే 15100 నంబరుకు ఫోన్ చేస్తే చాలు. యాసిడ్ దాడి, అత్యాచార బాధితులకైతే ప్రభుత్వ ఆస్పత్రే కాదు, ప్రైవేటు ఆస్పత్రి కూడా వెంటనే ఉచితంగా వైద్యం చేసి తీరాలి.

ఎన్ని లక్షలిచ్చినా పోయిన చూపు రాదు, పోయిన మనిషి తిరిగి రాడు. ఆ డబ్బు పుచ్చుకోవడానికి మొహమాటపడేవాళ్లూ ఉంటారు. కానీ అది ఎవరో జాలిపడి వేసే భిక్ష కాదు, కాపాడలేకపోయిన వ్యవస్థ తీర్చాల్సిన బాకీ. ఆనాటి అంధుడికి 442 ఏళ్లు పట్టే బాకీ అది. మన చట్టం దానికి రెండు నెలల గడువు పెట్టింది. ఆ గడియారం తిరగడం మొదలయ్యేది మాత్రం... దరఖాస్తు చేతికందాకే!