“స్టోన్” విశేషణమా, నామవాచకమా?

మొన్న సాయంకాలము మా చిన్నమ్మాయి బడినుండి వచ్చి, పుస్తకముల సంచి మూలకు వైచి, ఏడ్చుచు కూర్చుండెను. “ఏ హై స్టోన్ వాల్” అను మాటలలో విశేషణము లెవ్వియని పరీక్షలో నడిగిరట. పిల్ల “హై” అని మాత్రమే వ్రాసినది. “స్టోన్” కూడ వ్రాయవలెనని ఉపాధ్యాయిని మార్కు కొట్టివైచినది. గోడ యెట్టిదో చెప్పుచున్నది గనుక అదియు విశేషణమే యని యామె వాదము. “అమ్మా, నాది తప్పా?” అని పిల్ల యడుగగా నాకు వెంటనే బదులు తోచలేదు. పిల్లల పాఠములు చూచెడి తల్లుల కిట్టి చిక్కు వచ్చుచునే యుండును గనుక, నేను విచారించుకొన్నది సోదరీమణులకు విన్నవించుచున్నాను.

మన తెనుగున నీ చిక్కు తక్కువ. “ఎత్తైన రాతిగోడ” యన్నప్పుడు రాయి తన రూపము మార్చుకొని “రాతి” యైనది. ఇల్లు ఇంటి యగును, ఏరు ఏటి యగును. వేషమును చూచియే నామవాచకమని గుర్తింపవచ్చును. ఇంగ్లీషులోనో, నామవాచకము వేషము మార్చకయే విశేషణము పీటపై కూర్చుండును. పీటను చూచి మనిషిని నిర్ణయింపరాదు. పొయ్యియొద్ద నిలుచున్నంత మాత్రమున చుట్టపుచూపుగా వచ్చిన పిన్నిగారు వంటమనిషి యగునా?

కావున “వెరీ” చేర్చి చూడుడు. “వెరీ హై వాల్” అందురు. “వెరీ స్టోన్ వాల్” అనరు. హై, హయ్యర్, హయ్యెస్ట్ అని తారతమ్యము చెప్పవచ్చును. స్టోనున కది లేదు. ఈ పరీక్షయు నన్నిచోట్ల చాలదు సుమా! “మెయిన్ రోడ్” లో మెయిన్ విశేషణమే యైనను వెరీ నొల్లదు.

రంగుల సంగతి మఱియు వింత. మనకు ఎఱ్ఱ వేఱు, ఎరుపు వేఱు. “ఎఱ్ఱ చీర” యందుము, “నాకు ఎరుపు ఇష్టము” అందుము. ఇంగ్లీషున రెంటికిని రెడ్ ఒక్కటే. బీదలను “ది పూర్” అందురు. అది బహువచనముగా నడచును గాని “పూర్స్” అనరాదు. మనవారు తఱచు చేయు తప్పిది. “ది వెరీ పూర్” అనవచ్చును గనుక దాని విశేషణత్వము పోలేదు.

పూర్వ మింగ్లీషువారును లాటిను వ్యాకరణముల ననుసరించి రెంటిని “నౌన్” అనియే పిలిచి, నౌన్ సబ్‌స్టాంటివ్, నౌన్ అడ్జెక్టివ్ అని విభజించెడివారు. సంస్కృతమునందును విశేషణము విశేష్యముతోపాటు లింగవచనవిభక్తులను పొందును గదా! 1795లో లిండ్లీ మరే ప్రకటించిన వ్యాకరణమున నవి వేర్వేఱు భాషాభాగములు.

ఇక మా పిల్ల తగవు. బడి పుస్తకములు కొన్ని, పనిని బట్టి స్టోనును విశేషణమనును. 2002లో వెలువడిన కేంబ్రిడ్జి బృహద్వ్యాకరణము మాత్రము, నామవాచకము నామవాచకముగనే యుండి మఱియొక నామవాచకమును విశేషించునని చెప్పును. నాకిదియే సమంజసముగ తోచినది. ఉపాధ్యాయినిని నిందింప బనిలేదు. అడిగిన ప్రశ్నయే రెండు విధముల పోవునది.

మఱునాడీ సంగతియంతయు చీటివ్రాసి పంపితిని. మార్కు తిరిగి రాలేదు. పిల్ల మాత్రము వంటయింటి డబ్బాలమీది యింగ్లీషు మాట లన్నిటికిని “వెరీ” తగిలించి చూచుచున్నది.