కలిసి పనిచేయడం వేరు, సర్దుకుపోవడం వేరు

చదువుకుని ఉద్యోగంలోకి వెళ్లిన మనవాళ్లకు మొదట వినిపించే సలహా 'సర్దుకుపో'. ఆఫీసులో వెటకారానికీ, యూనివర్సిటీ డిపార్ట్‌మెంటులో చిన్నచూపుకీ, సంఘంలో పెత్తనానికీ అదే మందు. ఇది విని విని విసిగిపోయినవాళ్లు కొందరు, భావాలు కలవనివాళ్లతో అసలు పనే చేయం అంటారు. మొదటి దారిలో ఆత్మగౌరవం పోతుంది. రెండో దారిలో పని ఆగిపోతుంది, ఆ పని చాలాసార్లు మన జనానికి అవసరమైనదే అయి ఉంటుంది. మూడో దారి ఒకటుంది. బాబాసాహెబ్ అంబేద్కర్ దాన్ని నడిచి చూపించారు.

కాంగ్రెస్, గాంధీ అంటరానివారికి ఏం చేశారని నిలదీస్తూ ఆయన 1945లో ఒక పుస్తకమే ప్రచురించారు. రెండేళ్ల తర్వాత, 1947 ఆగస్టులో, అదే కాంగ్రెస్ నడిపిన నెహ్రూ ప్రభుత్వంలో న్యాయశాఖ మంత్రి అయ్యారు. ఆ నెల 29న ఏర్పడిన రాజ్యాంగ ముసాయిదా కమిటీకి అధ్యక్షుడయ్యారు. అందులో అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, కె.ఎం. మున్షీ, గోపాలస్వామి అయ్యంగార్, మహమ్మద్ సాదుల్లా వంటివారు సభ్యులు. వాళ్ల పుట్టుక, రాజకీయం, లోకాన్ని చూసే తీరు వేరు. అయినా పని సాగింది. ఎందుకంటే వాళ్లను కలిపింది స్నేహం కాదు, ఒక బాధ్యత.

1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో ఆయన చేసిన ప్రసంగాన్ని ఈ కోణంలో మళ్లీ చదవాలి. రాజ్యాంగ రచన ఘనత తన ఒక్కడిదే కాదని, బి.ఎన్. రావుకూ, ముసాయిదా రాసిన ఎస్.ఎన్. ముఖర్జీకీ దక్కాల్సింది దక్కించారు. తనతో అడుగడుగునా వాదించిన హెచ్.వి. కామత్, కె.టి. షా వంటివారి సూచనలను ఒప్పుకోలేకపోయినా, వాళ్లవల్లే చర్చ జీవంతో నడిచిందన్నారు. అదే ప్రసంగంలో, రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం ఉన్న వైరుధ్యంలోకి దేశం అడుగుపెడుతోందని హెచ్చరించారు. మర్యాద తగ్గలేదు, నిజం మింగలేదు.

హద్దు దాటినప్పుడు ఏం చేయాలో కూడా ఆయన దగ్గరే ఉంది. హిందూ కోడ్ బిల్లును ముందుకు సాగనివ్వకపోవడంతో 1951 సెప్టెంబర్‌లో రాజీనామా చేశారు. షెడ్యూల్డ్ కులాల పట్ల ప్రభుత్వ నిర్లక్ష్యం సహా కారణాలన్నీ బహిరంగంగా చెప్పారు. అలిగి పోలేదు, లెక్క చెప్పి బయటికొచ్చారు.

మరి మన రోజువారీ పనిలో ఆ హద్దు ఎక్కడ? ఒక ప్రశ్న వేసుకోవాలి: ఆ మనిషిలో నాకు నచ్చనిది నా పనినీ, నా గౌరవాన్నీ తాకుతోందా? గట్టిగా మాట్లాడటం, టేబుల్ మీద దేవుడి ఫోటో, అభిమాన హీరో, ఓటేసే పార్టీ... ఇవి వాళ్ల ఇష్టం. మనకు నచ్చనక్కర్లేదు, మార్చే పని కూడా మనది కాదు. పని మాట మాట్లాడి, ఇచ్చిన మాట నిలబెట్టుకుంటే చాలు. వేరే గ్లాసు పెట్టడం, ఇంటిపేరు తవ్వడం, రిజర్వేషన్ పేరుతో ఎగతాళి, మీటింగు సంగతి చెప్పకుండా దాచడం మాత్రం స్వభావం తేడాలు కావు, వివక్ష. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసింది. నలుగురి ఎదుట కులం పేరుతో దూషిస్తే 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. అక్కడ తేదీ, మాట, సాక్షులు రాసిపెట్టుకోవాలి. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి, నకలు దగ్గర ఉంచుకోవాలి.

ఈ నేర్పు మన ఉద్యమాల లోపల మరీ అవసరం. వర్గీకరణపై మాల, మాదిగ విద్యార్థుల మధ్య వాదన ఉంది. అది వాటాకు, న్యాయానికి సంబంధించిన వాదన కాబట్టి దాన్ని గట్టిగానే చేయాలి. కానీ స్కాలర్‌షిప్ బకాయిల మీదా, హాస్టల్ అన్నం మీదా ఇచ్చే వినతిపత్రం మీద ఇద్దరి సంతకాలూ ఉండాలి. 1985లో కారంచేడులో చనిపోయింది మాదిగలు, 1991లో చుండూరులో మాలలు. చంపినవాళ్లు వర్గీకరణ మీద ఎవరి అభిప్రాయం ఏమిటని అడగలేదు.