మీకు తెలుసా? నాలుగో స్థానంలో నిలిచి కప్పు కొట్టింది మన జట్టే

సంక్రాంతి దగ్గర పడుతుంటే చిట్టమూరు, కోట, వాకాడు వైపు ఊళ్ళలో చెడుగుడు పోటీల పోస్టర్లు పడతాయి. మొదటి బహుమతి ఎంత, ఎంట్రీ ఫీజు ఎంత, దాతలెవరు, అన్నీ ఫోటోలతో సహా ఉంటాయి. అడుగున చిన్న అక్షరాల్లో 'నాకౌట్' అని ఒక మాట. ఓడిపోయేదాకా ఆ మాట ఎవరి కంటా పడదు. ఒకసారి పులికాట్ ఒడ్డు పట్టపుపాళెం కుర్రాళ్ళు ట్రక్కు మాట్లాడుకుని వచ్చారు. స్టీలు గ్లాసులో చీటీలు వేసి తీస్తే వాళ్ళకు తగిలింది కిందటేడు షీల్డు పట్టుకెళ్ళిన జట్టు. ముప్పావుగంటలో అంతా అయిపోయింది. మోకాళ్ళకంటిన సున్నమైనా దులుపుకోకుండా ట్రక్కెక్కుతుంటే, వాళ్ళతో వచ్చిన పెద్దాయన అన్నాడు: "ఒక్క ఆటకేనా అబ్బయ్యా ఇంత దూరం వచ్చింది?"

ఆ బాధకు మందు లీగ్. అందరూ అందరితో ఆడతారు, ఒక్క ఓటమితో ఇంటికి పోరు. కానీ లీగ్ చివర ప్లేఆఫ్స్ తగిలించి, అందులో సీట్లు పెంచుకుంటూ పోయేసరికి కొత్త పేచీ వచ్చింది. ఎలాగూ లోపలికి వచ్చేస్తాం అనుకున్నాక, రెండు నెలలు చెమటోడ్చి గెలిచిన లీగ్ ఆటలకు విలువేముంది? అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఈ రగడ పెద్దది. మన తెలుగు జట్ల కథలోనూ అది అడుగడుగునా కనిపిస్తుంది.

● 2008 తొలి ఐపీఎల్‌లో డెక్కన్ ఛార్జర్స్ 14 ఆటల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. 2009లో దక్షిణాఫ్రికాలో ఆడిన సీజన్‌లో 7 గెలిచి 7 ఓడి, నాలుగో జట్టుగా సెమీస్‌కు చేరింది. అక్కడ ఎదురైంది 10 ఆటలు గెలిచి పట్టికలో మొదట నిలిచిన ఢిల్లీ. మన గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 కొట్టాడు. ఢిల్లీ అంతటితో ఇంటికి. ఫైనల్లో బెంగళూరుపై 6 పరుగులతో గెలిచి కప్పు హైదరాబాద్‌కు వచ్చింది. మనం పండగ చేసుకున్నాం, బాగానే ఉంది. ఢిల్లీ అభిమాని వైపు నుంచి చూస్తే మాత్రం ఆ పది గెలుపులూ ఒక్క సాయంత్రంలో బూడిదలో పోసినట్టే. నాలుగో స్థానం నుంచి ఐపీఎల్ గెలిచిన జట్టు 2025 దాకా మరొకటి లేదు.

● మీకు తెలుసా, ఐపీఎల్‌లో క్వాలిఫయర్, ఎలిమినేటర్ అంటూ మనం రోజూ అనే ఈ పద్ధతి క్రికెట్‌లో పుట్టింది కాదు. 1931లో ఆస్ట్రేలియాలో విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్ మొదలుపెట్టింది. రిచ్‌మండ్ క్లబ్బుకు చెందిన పెర్సీ పేజ్ పేరు మీద పేజ్ పద్ధతి అంటారు, అసలు లెక్క వేసింది కెన్ మెకింటైర్. ఐపీఎల్ 2011లో దీన్ని తెచ్చుకుంది. మొదటి రెండు జట్లూ తమలో తాము ఆడతాయి. గెలిచింది నేరుగా ఫైనల్‌కు, ఓడినదానికి ఇంకో అవకాశం. మూడు, నాలుగు జట్లకు మాత్రం ఒక్క ఓటమి చాలు, సామాన్లు సర్దుకోవడమే.

దీని అందం లెక్కలో ఉంది. నాలుగు జట్లూ సరిసమానం, ప్రతి ఆటా బొమ్మా బొరుసే అనుకోండి. మామూలు సెమీస్ అయితే నలుగురికీ తలా 25 శాతం. లీగ్‌లో మొదట నిలిచినా, నెట్ రన్ రేట్‌తో నాలుగో సీటు పట్టినా ఒకటే వాటా. పేజ్ పద్ధతిలో అలా కాదు. మొదటి రెండు జట్లకూ చెరో 37.5 శాతం, తర్వాతి రెంటికీ చెరో 12.5 శాతం. సరిగ్గా మూడు రెట్లు తేడా. 2011 నుంచి 2025 దాకా 15 సీజన్లు జరిగితే 14 సార్లు కప్పు కొట్టింది మొదటి రెండు స్థానాల జట్లే. అందులోనూ రెండో స్థానం జట్టు 9 సార్లు, మొదటిది 5 సార్లు. మొదటి స్థానం కన్నా రెండోది ఎందుకు కలిసొచ్చిందంటే అదృష్టమనే తప్ప నియమాల్లో కారణం కనపడదు.

● ఆ మిగిలిన ఒక్కసారీ మన సన్‌రైజర్సే. 2016లో మూడో స్థానం. ఢిల్లీలో ఎలిమినేటర్‌లో కోల్‌కతాను, అక్కడే రెండో క్వాలిఫయర్‌లో గుజరాత్ లయన్స్‌ను, బెంగళూరులో ఫైనల్లో ఆ ఊరి జట్టునే 8 పరుగులతో కొట్టారు. ఎలిమినేటర్ మెట్టు నుంచి ఎక్కి కప్పు పట్టిన మొదటి జట్టు అదే.

● అదే సన్‌రైజర్స్ 2019లో 12 పాయింట్లతోనే ప్లేఆఫ్స్‌కు చేరింది. అంత తక్కువతో అంతకుముందు ఎవరూ రాలేదు. పైగా తన చివరి లీగ్ ఆట ఓడిపోయింది. మర్నాడు ముంబై జట్టు సొంత గడ్డపై కోల్‌కతాను చితక్కొడితే వీళ్ళకు సీటొచ్చింది. మే 8న విశాఖలో ఎలిమినేటర్, ఢిల్లీ చేతిలో 2 వికెట్లతో ఓటమి. పక్కింటి వాన నీళ్ళతో మన మడి తడిస్తే పంట ఎన్నాళ్ళు నిలుస్తుంది?

● 2024 కథ వేరు. రెండో స్థానం కాబట్టి రెండు ప్రాణాలు. మొదటి క్వాలిఫయర్‌లో కోల్‌కతా చేతిలో ఒకటి పోయింది, చెన్నైలో రాజస్థాన్‌ను ఓడించి రెండోదాన్ని నిలబెట్టుకున్నారు. నాయుడుపేటలో రైలెక్కితే చెన్నైలోని చెపాక్ స్టేడియం మాకు దగ్గరే. మే 26న ఫైనల్ చూద్దామని వెళ్ళినవాళ్ళకు దక్కింది 113 ఆలౌట్. మళ్ళీ కోల్‌కతాయే. రెండో అవకాశం ఇచ్చినవాడు రెండో పరాభవానికీ పూచీ.

● ఇక మన చెడుగుడు. 2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పుడు 8 జట్లు, 4 సెమీస్ సీట్లు. జట్లు 12 అయ్యాక ఆరుకు సీటిచ్చారు. 2025 ఆగస్టు 29న విశాఖలో మొదలైన 12వ సీజన్‌కు వచ్చేసరికి 12లో ఎనిమిది. పన్నెండు మందిలో ఎనిమిది మందికి విస్తరి వేస్తే అది పరీక్షా, పంక్తి భోజనమా అని మొదట నేనూ వెక్కిరించాను. నియమాలు చదివాక కొంచెం తగ్గాను.

ఎందుకంటే వాళ్ళు గుమ్మం వెడల్పు చేస్తూనే లోపల మెట్లు ఎత్తుగా కట్టారు. మొదటి రెండు జట్లు రెండు ఆటలు గెలిస్తే కప్పు. మూడు, నాలుగు జట్లు మినీ క్వాలిఫయర్ ఆడతాయి, ఓడినా ఇంకో దారి ఉంటుంది. ఐదు నుంచి ఎనిమిది దాకా ఉన్నవాళ్ళు ప్లే-ఇన్ దగ్గర మొదలుపెట్టి, మూడు ఎలిమినేటర్లు, ఒక క్వాలిఫయర్, ఫైనల్, మొత్తం ఆరు ఆటలు ఒక్కటీ ఓడకుండా గెలవాలి. ఏడో స్థానంలో వచ్చిన పట్నా పైరేట్స్ వరసగా మూడు మెట్లు ఎక్కేసింది. నాలుగోదాని దగ్గర 46-39తో ఆపింది మన తెలుగు టైటాన్సే. తర్వాత టైటాన్స్‌ను పుణేరి పల్టన్ 50-45తో ఆపింది. చివరికి ఫైనల్లో తలపడింది లీగ్‌లో మొదటి రెండు స్థానాల ఢిల్లీ, పుణే. ఇంత తిరిగి వచ్చినా చేరింది అక్కడికే.

● టైటాన్స్ అభిమానిగా ఒక వెత. 8, 9, 10 సీజన్లలో మొత్తం 66 ఆటలాడి గెలిచింది ఐదు. పదో సీజన్‌కు పవన్ సెహ్రావత్‌ను రికార్డు ధర 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నా అట్టడుగే. అలాంటి జట్టు 11వ సీజన్‌లో లేచి 12 ఆటలు గెలిచి ఏడో స్థానంలో నిలిచింది. అప్పుడు సీట్లు ఆరే. తర్వాతి ఏడాది సీట్లు ఎనిమిదికి పెంచితే, మనవాళ్ళు నాలుగో స్థానంలో వచ్చారు, పెంచకపోయినా వచ్చేవాళ్ళే. అవసరమైనప్పుడు మూసి ఉన్న తలుపు, అవసరం తీరాక బార్లా తెరుచుకుంది.

● అమెరికా సంగతి. చేతులతో ఎక్కువ ఆడినా వాళ్ళు దాన్ని ఫుట్‌బాల్ అనే అంటారు. అక్కడికి ఎం.ఎస్.కు వెళ్ళిన మన పిల్లలకు శనివారాలు ఊరు ఊరంతా స్టేడియానికి కదలడం మొదటి వింత. 2014 సీజన్ నుంచి ప్లేఆఫ్‌లో నాలుగే సీట్లు. 2023లో ఫ్లోరిడా స్టేట్ 13కు 13 గెలిచినా ప్రధాన క్వార్టర్‌బ్యాక్ గాయపడ్డాడని జట్లను ఎంచే కమిటీ బయట నిలబెట్టింది. అజేయంగా ఉన్నా లాభం లేకపోతే లీగ్ ఎందుకు? 2024లో సీట్లు 12 చేశారు. ఒహాయో స్టేట్ తన పాత పగవాడు మిషిగన్ చేతిలో సొంత గడ్డపై 13-10తో ఓడిపోయింది. పాత రోజుల్లో అయితే ఆ ఓటమి జన్మంతా వెంటాడేది. ఈసారి ఎనిమిదో సీడ్‌గా లోపలికొచ్చి, అజేయ ఒరెగన్‌ను 41-21తో చిత్తు చేసి, 2025 జనవరి 20న నోటర్‌డామ్‌పై 34-23తో ఛాంపియన్ అయింది. ఇంకో తమాషా: మొదటి నలుగురికి బహుమతిగా తొలి రౌండు విశ్రాంతి ఇస్తే, ఆ నలుగురూ తమ మొదటి ఆటలోనే ఓడారు. రెండో ప్రాణం ఇవ్వకుండా విశ్రాంతి మాత్రమే ఇస్తే అది బహుమతి కాదు, తుప్పు.

● 1992 ప్రపంచ కప్‌లో పాకిస్తాన్ మొదటి ఐదు ఆటల్లో ఒక్కటే గెలిచింది. ఇంగ్లండ్‌పై 74కే ఆలౌటైన ఆటలో వాన వచ్చి ఒక పాయింటు దక్కింది. ఆస్ట్రేలియా కన్నా ఆ ఒక్క పాయింటే ఎక్కువ. దాంతోనే సెమీస్‌కు చేరి, చివరికి కప్పు కొట్టింది.

● ఆటలే కాదు, మన ఇళ్ళలోనూ ఇదే తగువు. రెండేళ్ళ ఇంటర్ లీగ్ అయితే, మూడు గంటల ఎంసెట్ ప్లేఆఫ్. ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. 2023లో తెలంగాణ దాన్ని ఎత్తేసింది. ఆంధ్రప్రదేశ్ కోవిడ్ రోజుల్లో ఆపి, అదే 2023లో మళ్ళీ తెచ్చింది. ఒకే ఆటకు అటొక నియమం, ఇటొక నియమం.

● ఈమధ్య మా వైపు పోస్టర్లలో 'లీగ్ కమ్ నాకౌట్' అని పడుతోంది. నాలుగేసి జట్ల పూల్, మొదటి రెండు జట్లూ క్వార్టర్స్‌కు. పట్టపుపాళెం కుర్రాళ్ళు ఇప్పుడు రెండు రాత్రులు బడి వరండాలో పడుకుంటున్నారు, నిర్వాహకులకు అన్నం ఖర్చు పెరిగింది. కిందటి పండక్కి వాళ్ళు మొదటి రెండు ఆటలూ గెలిచి మూడోదానికి ముందే క్వార్టర్స్ చేరారు. మూడో ఆటకు జనం కిక్కిరిశారు, వాళ్ళ కూతగాణ్ణి చూద్దామని. ఆట మొదలైంది, ఎవరో చిన్న కుర్రాడు కూతకు వెళ్ళి మొదటి గీత దగ్గరే దొరికిపోయాడు. మైకులో కామెంటేటర్ అసలు కూతగాడి పేరు పెట్టి మూడుసార్లు పిలిచాడు. అతను గ్రౌండు అంచున చొక్కా విప్పి భుజాన వేసుకుని, పొట్లంలో వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ, చెయ్యి ఊపాడు.