తొలి స్త్రీల పత్రికలలో ఆదర్శ స్త్రీ

ఆదర్శ స్త్రీ ఎట్లుండవలెనో చెప్పు పనిని మన దేశభాషా పత్రికలలో మొదట పురుషులే చేపట్టిరి. గుజరాతీలో 1857లో బొంబాయినుండి వెలువడిన "స్త్రీబోధ"ను స్థాపించినవారు పార్సీ, హిందూ సంస్కర్తలు. తెలుగున 1883లో కందుకూరి వీరేశలింగంగారు "సతీహితబోధిని"ని ప్రారంభించిరి. రెండు పేర్లలోను "బోధ" ఉన్నది. బోధించువాడు పురుషుడు, వినవలసినది స్త్రీ. చదువు నేర్చి ఇల్లు చక్కదిద్దుకొను గృహిణియే ఆనాటి ఆదర్శము.

1902లో సత్తిరాజు సీతారామయ్యగారు ఏలూరినుండి "హిందూసుందరి"ని వెలువరించిరి. ఆ సంవత్సరమే అందులో భండారు అచ్చమాంబగారి "ధనత్రయోదశి" కథ అచ్చయినది. పేదరికమువలన పరధనమునకు ఆశపడిన భర్తను అందులోని విజయలక్ష్మి మందలించి ధర్మమార్గమునకు మరలించును. ఆమె పతివ్రతయే, కాని ధర్మము చెప్పునది ఆమె, వినునది భర్త. ఆదర్శమునకు పేరు మారలేదు. బోధకు దిక్కు మారినది.

1904లో పులుగుర్త లక్ష్మీనరసమాంబగారు కాకినాడనుండి "సావిత్రి" పత్రికను నడపసాగిరి. పురాణములోని సావిత్రి పతిభక్తికి పెట్టినది పేరు. అయినను ఆమె యముని గెలిచినది మాటతోనే. ఈ సంపాదకురాలును మాటనే సాధనముగా గైకొనిరి. అయితే ఆమె వితంతు వివాహములను వ్యతిరేకించిరి. స్త్రీ స్వయముగా నిర్ణయించినదైనంత మాత్రమున ఆదర్శము స్త్రీలందరికిని చోటీయదు. పతియే లేని బాలవితంతువు సావిత్రి ఎట్లు కాగలదు?

ఈ ప్రశ్నకు సంస్కర్తలు ప్రధానముగా చెప్పిన సమాధానము పునర్వివాహము. అనగా ఆమెను మరల భార్యను చేయుట. గుజరాతులోని సూరతు నగరమున మరియొక సమాధానము వెలసినది. బాజీగౌరీ మున్షీ, శివగౌరీ గజ్జర్ అను ఇరువురు వితంతువులు 1907లో అచట "వనితా విశ్రామ్" అను సంస్థను స్థాపించి, తమవంటి స్త్రీలకు విద్యామార్గము చూపిరి. ఆ మార్గమున నిలుచుటకు స్త్రీ ఎవరికిని భార్య కానక్కరలేదు.

ఈ పాత సంచికలను చదువునపుడు అభ్యుదయమనియో, ఛాందసమనియో ముద్ర వేయుటతో విమర్శకుని పని తీరదు. చెప్పువారెవరు, వినువారెవరు, ఆ ఆదర్శములో చోటు దొరకనివారెవరు అను మూడు ప్రశ్నలు అడుగవలెను. నేడు మనము సృష్టించు ఉత్తమ స్త్రీ పాత్రలకును ఈ ప్రశ్నలే గీటురాయి.