గుక్కపట్టిన పిల్లాడు మళ్ళీ ఊపిరి ఎలా తీసుకుంటాడు?

రెండేళ్ళ పిల్లాడి చేతిలోంచి సెల్‌ఫోన్ లాక్కుంటే ఏమవుతుందో చాలా ఇళ్ళలో తెలుసు. కెవ్వుమంటాడు. ఏడుపు సాగి సాగి ఉన్నట్టుండి శబ్దం ఆగిపోతుంది. నోరు తెరిచే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. పెదాలు నీలం తిరుగుతాయి. అమ్మమ్మ ముఖం మీద ఉఫ్ఫుమని ఊదుతుంది, తల్లి నీళ్ళు చిలకరిస్తుంది. ఒక్కోసారి పిల్లాడు కళ్ళు తేలేసి ఒళ్ళోకి వాలిపోతాడు. కాసేపట్లోనే, ఏమీ జరగనట్టు, ఊపిరి తీసుకుంటూ లేస్తాడు. తను ఊదడం వల్లే లేచాడని అమ్మమ్మ నమ్మకం. ఆవిడ ఊదకపోయినా లేచేవాడే.

మొండితనంతో కావాలని చేస్తున్నాడని పెద్దవాళ్ళు విసుక్కుంటారు గానీ, ఇది పిల్లాడి చేతిలో లేని పని. ఏడ్చి ఏడ్చి ఊపిరంతా బయటికి వదిలేసిన చోట శ్వాస బిగుసుకుపోతుంది. స్పృహ తప్పగానే ఆ బిగువు సడలుతుంది. మెదడు అడుగున, వెన్నుపాముకు పైన ఉండే మజ్జాముఖం మళ్ళీ శ్వాసను నడిపిస్తుంది. మనం నిద్రపోతున్నప్పుడు రాత్రంతా ఊపిరి ఆడించేది కూడా అదే. ఇలా గుక్కపట్టే పిల్లల్లో కొందరికి ఒంట్లో ఇనుము తక్కువగా ఉంటుంది కాబట్టి, ఒకసారి డాక్టరుకు చూపించి రక్తపరీక్ష చేయించడం మంచిది. ఏడుపేమీ లేకుండానే పడిపోతే మాత్రం ఆలస్యం చేయకూడదు.

మరి పెద్దవాళ్ళం కావాలని ఊపిరి బిగబడితే? స్పృహ తప్పేదాకా కూడా రాము. మామూలు మనిషి నిమిషం అటూ ఇటూగా ఓడిపోయి, భళ్ళున వదిలేస్తాడు. మనల్ని ఓడించేది ఎవరు?

ముందు ఊపిరి ఆడించేదెవరో చూద్దాం. ఊపిరితిత్తులకు తమంతట తాము వ్యాకోచించే శక్తి లేదు. ఆ పని డయాఫ్రందీ, పక్కటెముకల మధ్య కండరాలదీ. ఛాతీకీ పొట్టకూ మధ్య బోర్లించిన మూకుడులా ఉండే పలుచని కండరం డయాఫ్రం. బడి పుస్తకాల్లో ఉదరవితానం అని చదువుకున్నాం. అది బిగుసుకుని కిందికి దిగితే ఛాతీలో చోటు పెరుగుతుంది, లోపల పీడనం తగ్గుతుంది, బయటి గాలి దానంతటదే లోపలికి వస్తుంది. అంటే మనం గాలి పీల్చుకోవడం లేదు, చోటు చేస్తున్నాం. వదలడానికి మామూలుగా శ్రమే లేదు. కండరం సడలితే సాగిన ఊపిరితిత్తులు వాటంతటవే ముడుచుకుంటాయి.

గాలి ముక్కులో వెచ్చబడి, తడి పట్టి, స్వరపేటిక దాటి వాయునాళంలోకి దిగుతుంది. ఛాతీ మధ్యలో ఆ నాళం రెండుగా చీలుతుంది. కుడి కొమ్మ కాస్త వెడల్పు, కాస్త నిటారు. అందుకే పల్లీ నములుతూ నవ్విన పిల్లవాడికి పొలమారి గింజ లోపలికి జారితే, అది ఎక్కువగా కుడివైపే ఇరుక్కుంటుంది. పిల్లల డాక్టర్లు అయిదేళ్ళలోపు వాళ్ళకు పల్లీలు పెట్టొద్దనేది ఇందుకే. ఆ తర్వాత కొమ్మలు రెండేసిగా చీలుతూ దాదాపు 23 మెట్లు దిగి వాయుగోణుల దగ్గర ఆగుతాయి. ఈ సన్నటి గాలి సంచులు కోట్లలో ఉంటాయి. 30 నుంచి 50 కోట్లని అంచనా. వాటి గోడలన్నీ పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు. గాలికీ రక్తానికీ మధ్య ఆ గోడ మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా తక్కువ. ఆక్సిజన్ అటు, కార్బన్ డయాక్సైడ్ ఇటు దాటేది అక్కడే.

ఇప్పుడు లెక్క చూడండి. నిండా గాలి పీలిస్తే ఊపిరితిత్తుల్లో సుమారు 6 లీటర్ల గాలి పడుతుంది. అందులో ఉన్న ఆక్సిజన్, రక్తంలో ఉన్నదీ కలిపితే లీటరున్నర పైమాటే. ఊరికే కూర్చున్న మనిషికి నిమిషానికి ఖర్చయ్యేది పావు లీటరు. అంటే నిమిషానికి మనం చేతులెత్తేసేసరికి నిల్వలో చాలా భాగం అలాగే ఉంది! కరోనా నాటి ఆక్సీమీటర్ ఇంట్లో ఉంటే, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు కుర్చీలో కూర్చుని వేలికి తగిలించుకుని ఊపిరి బిగబట్టి చూడండి. గుండె గుబగుబలాడుతుంది, పొట్ట ఎగిరెగిరి పడుతుంది, ఇక నావల్ల కాదనిపిస్తుంది. డబ్బాలో అంకె మాత్రం 98 నుంచి పెద్దగా కదలదు. పరికరం కొన్ని సెకన్లు ఆలస్యంగా చూపిస్తుందనుకున్నా, ప్రాణం మీదికి వచ్చినంత అంకె కనిపించదు.

కాబట్టి మనల్ని ఓడించింది ఆక్సిజన్ తగ్గడం కాదు. కార్బన్ డయాక్సైడ్ పెరగడం. అది రక్తంలోంచి మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి సులువుగా దూరి, అక్కడ ఆమ్లత్వాన్ని పెంచుతుంది. మజ్జాముఖంలోని కణాలు దాన్ని పసిగట్టి డయాఫ్రానికి హుకుం పంపిస్తాయి. ఈ సంగతి 1905లో తేల్చినవాళ్ళు ఇంగ్లండులో జాన్ స్కాట్ హాల్డేన్, జాన్ ప్రీస్ట్‌లీ. పొడవాటి గొట్టంలోకి గట్టిగా ఊదించి, చివర వచ్చిన గాలిని పట్టి కొలిచేవారు. ఆ చివరి గాలే వాయుగోణుల్లోంచి వచ్చేది. స్కాట్లండులో బెన్ నెవిస్ కొండ మీదా, కార్న్‌వాల్‌లో లోతైన డోల్‌కోత్ గని అడుగునా కొలిచారు. బయటి గాలి పీడనం ఎంత మారినా లోపలి కార్బన్ డయాక్సైడ్ పీడనాన్ని శరీరం ఒకేచోట నిలబెట్టుకుంటోంది. వాయుగోణుల్లో అది 0.2 శాతం పెరిగితే చాలు, విశ్రాంతిగా ఉన్న మనిషి పీల్చే గాలి రెట్టింపవుతుంది.

ఈ హాల్డేన్ తన మీదా, కొడుకు మీదా కూడా ప్రయోగాలు చేసిన మనిషి. కొడుకును చిన్నతనంలో బొగ్గుగనిలోకి తీసుకెళ్ళి, మీథేన్ చేరిన చోట నిటారుగా నిలబెట్టి, షేక్‌స్పియర్ 'జూలియస్ సీజర్'లో ఆంటొనీ ఉపన్యాసం అప్పజెప్పమన్నాడు. పిల్లాడికి ఆయాసం మొదలై, ఉపన్యాసం పూర్తికాకుండానే కాళ్ళు తేలిపోయి కిందపడ్డాడు. మీథేన్ తేలికైనది కాబట్టి నేల దగ్గర గాలి బాగుంది, తేరుకున్నాడు. ఈ రోజుల్లో ఏ తండ్రి ఆ పని చేసినా పోలీసు కేసవుతుంది. ఆ పిల్లాడే పెరిగి జన్యుశాస్త్రంలో పేరు మోసిన జె.బి.ఎస్. హాల్డేన్ అయ్యాడు. 1957లో మన దేశానికి వచ్చేసి, భారత పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం భౌతికకాయం వైద్య విద్యార్థుల చదువు కోసం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు వచ్చింది.

అయితే కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే కథ కాదు. 1954లో ఫౌలర్ అనే పరిశోధకుడు మనుషుల్ని ఇక పట్టలేమనేదాకా ఊపిరి బిగబట్టించి, ఆ క్షణంలో ఒక సంచిలోని గాలి పీల్చమన్నాడు. ఆ గాలిలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. రక్తానికి దానివల్ల ఒరిగిందేమీ లేదు. అయినా వాళ్ళకు హాయిగా అనిపించింది, మళ్ళీ బిగబట్టగలిగారు! ఛాతీ కదలడమే ఒక ఊరట అన్నమాట. కదలకుండా పట్టి ఉంచిన డయాఫ్రం నుంచి కూడా మెదడుకు ఫిర్యాదులు వెళ్తుంటాయి. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా నచ్చిన ప్రయోగం ఇదే. ఒక సంచి తప్ప ఖర్చేమీ లేదు.

కబడ్డీలో కూతకు వెళ్ళినవాడు చేసేది బిగబట్టడం కాదు, పొదుపుగా వదలడం. మాట పుట్టేది బయటికి వచ్చే గాలితోనే. ఊపిరితిత్తులు ఒక్కసారిగా ముడుచుకుపోకుండా పక్కటెముకల కండరాలు పట్టి ఉంచి, కొంచెం కొంచెంగా విడుస్తాయి. పట్టుబడి పెనుగులాడుతున్నప్పుడు కండరాలు ఆక్సిజన్‌ను వేగంగా తినేస్తూ కార్బన్ డయాక్సైడ్‌ను అంతే వేగంగా రక్తంలోకి తోస్తాయి. గీత అందేలోపే కూత తెగిపోయేది అందుకే.

మరి ఆక్సిజన్ తగ్గితే చెప్పేవాళ్ళే లేరా? ఉన్నారు. మెడలో పెద్ద ధమని చీలేచోట, రెండువైపులా, బియ్యపుగింజంత కెరోటిడ్ బాడీలు ఆ పని చేస్తాయి. వాటి పనితీరు కనిపెట్టినందుకు కార్నేయ్ హేమన్స్‌కు 1938 నోబెల్ బహుమతి వచ్చింది. కానీ రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోతేగాని అవి గట్టిగా అరవవు. కరోనా వార్డుల్లో మీటరు 80 చూపిస్తున్నా కొందరు రోగులు ఫోనులో మామూలుగా మాట్లాడటం చూసి డాక్టర్లే తెల్లబోయారు. వాళ్ళ ఊపిరితిత్తులు ఆక్సిజన్‌ను సరిగా తీసుకోలేకపోయినా, కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పంపగలుగుతున్నాయి. ఈ వాయువు కణజాలం గుండా ఆక్సిజన్ కన్నా దాదాపు 20 రెట్లు సులువుగా దాటుతుంది. దాంతో అసలు హెచ్చరిక మోగనేలేదు.

ఇదే మోసం కాలవల్లో, ఈతకొలనుల్లో కుర్రాళ్ళ ప్రాణం తీస్తుంది. ఎక్కువసేపు నీళ్ళలో ఉండాలని, మునిగే ముందు గబగబా ఊపిరి తీసి వదులుతారు. ఆక్సిజన్ పెద్దగా పెరగదు, అది ముందే నిండుగా ఉంది. కార్బన్ డయాక్సైడ్ మాత్రం పడిపోతుంది. అది మళ్ళీ పెరిగి 'పైకి రా' అని చెప్పేలోపే ఆక్సిజన్ అయిపోయి, నీళ్ళ అడుగునే స్పృహ పోతుంది. పెనుగులాట ఉండదు, గట్టు మీదివాళ్ళు ఇంకా ఈదుతున్నాడనే అనుకుంటారు.

పాడుబడ్డ బావులు, సెప్టిక్ ట్యాంకులు, డ్రైనేజీ మ్యాన్‌హోళ్ళలో అయితే ఆక్సిజన్ కొరతతో పాటు విషవాయువులూ ఉంటాయి. ఒకరు పడిపోతే కాపాడబోయి రెండోవారు, ఆపై మూడోవారు పోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. పూర్వం బావిలోకి లాంతరు దించి చూసేవాళ్ళు. ఆక్సిజన్ 16, 17 శాతానికి తగ్గితే దీపం ఆరుతుంది, మనిషికి ఇంకా స్పృహ ఉంటుంది, కాబట్టి తెలివైన పనే. కానీ మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ దీపాన్ని ఆర్పదు. పైగా అది మండే వాయువు, మీథేన్ కూడా మండేదే, కనుక నిప్పు దించడమే ప్రమాదం. కుళ్ళిన గుడ్డు వాసనను నమ్ముకోలేం, మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనను పసిగట్టడం మానేస్తుంది. వాయువులు కొలిచే మీటరును తాడుకు కట్టి దించడమే దారి. అది కూడా పైన ఒకసారి, మధ్యలో ఒకసారి, అడుగున ఒకసారి. మీథేన్ పైకి చేరుతుంది, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ డయాక్సైడ్ కిందికి దిగుతాయి. ఆక్సిజన్ ఎక్కడైనా 19.5 శాతం కన్నా తక్కువ చూపిస్తే, బయటి గాలి అందించే ముసుగు లేకుండా ఎవరూ దిగకూడదు, ముందు దిగినవాడు అన్నయ్యే అయినా సరే.