ఇల్లు అమ్మకం: దళారీ కావాలా, వద్దా?

పొదిలి: గుంటూరు యార్డుకు మిర్చి వేసేవారెవరూ కమీషన్‌దారు లేకుండా అమ్మాలని తలపెట్టరు. అదే వర్తకుడు సొంత ఇల్లు బేరానికి పెట్టినప్పుడు మాత్రం దళారీకి నూటికి ఒకటో రెండో ఇవ్వడం దండగ అనుకుంటాడు. లేదా అలవాటు కొద్దీ తాళంచెవి ఆయన చేతికిచ్చి ఊరుకుంటాడు. ఈ రెండు కమీషన్లూ ఒకే పనికి ఇచ్చేవి కావన్న సంగతి గుర్తించాలి.

యార్డులో మచ్చు పదిమంది కొనుగోలుదార్లు చూస్తారు. కాటా అవుతుంది, తక్‌పట్టీ వస్తుంది. పైకం ఆలస్యమైతే రైతు నిలదీసేది కమీషన్‌దారునే. పొదిలి పొగాకు వేలం కేంద్రంలోనైతే ధర అందరి కళ్ల ఎదుటే తేలుతుంది. ఇంటికి ఇవేవీ లేవు. ఏ రెండు ఇళ్లూ ఒక్క తీరుగా ఉండవు, వేలం లేదు, పత్రికలో ధర రాదు. కొన్నవాడు బాకీ ఎగవేస్తే దళారీకి పూచీ లేదు. ఆయన చేసే ముఖ్యమైన పని, కొనగల స్తోమత ఉన్న మనిషిని వెతికి తేవడం.

ఆ మనిషి పక్క గోడవాడో, ఇంట్లో అద్దెకున్నవాడో అయితే దళారీతో నిమిత్తం లేదు. మన వంటి ఊళ్లలో సగం బేరాలకు గిరాకీ ఆ వీధిలోనే ఉంటుంది, ముందు అక్కడ అడిగి చూడాలి. యజమాని హైదరాబాదులోనో ఒంగోలులోనో ఉంటున్నా, ఇల్లు పెద్దదై కొనేవారు అరుదైనా కమీషన్ ఇవ్వడం న్యాయమే. వాటాదార్లయిన అన్నదమ్ముల మధ్య మాట పొసగనప్పుడు కూడా బేరానికి మూడో మనిషి నోరే మంచిది.

అసలు నష్టం వచ్చేది నూటికి రెండు దగ్గర కాదు. “నాకు 40 లక్షలు ముడితే చాలు, పైది నువ్వు తీసుకో” అనే మాట దగ్గర వస్తుంది. దళారీ 44 లక్షలకు కుదిర్చాడనుకుందాం. నూటికి రెండు చొప్పున ఆయనకు 88 వేలు పోను యజమానికి 43 లక్షల 12 వేలు రావాలి. పై ఒప్పందంతో వచ్చేది 40 లక్షలే. దస్తావేజు 44 లక్షలకు రాస్తే ఆదాయపు పన్ను లెక్క కూడా ఆ 44 మీదనే మొదలవుతుంది. మిర్చిలో క్వింటాలుకు వంద రూపాయల తేడా వస్తే ఒప్పుకోని వర్తకులు ఇంటి విషయంలో ఈ మాట సులభంగా అనేస్తున్నారు.

దళారీ తన మనిషి పేరుతో తానే కొంటే? 1872 నాటి కాంట్రాక్టు చట్టం 215వ సెక్షన్ సరిగ్గా ఇందుకే ఉన్నది. ముఖ్యమైన సంగతి దురుద్దేశంతో దాచాడని గాని, ఆ బేరం వల్ల తనకు నష్టం కలిగిందని గాని రుజువు చేస్తే యజమాని అమ్మకాన్ని తోసిపుచ్చవచ్చు. వేరే ఒప్పందం లేకుంటే పని పూర్తయ్యే దాకా కమీషన్ బాకీ పడదని 219వ సెక్షన్ చెబుతున్నది. పని పూర్తి కావడమంటే బయానా ముట్టడమా, రిజిస్ట్రేషనా అన్నది ముందే కాగితం మీద రాసుకోవాలి. ఇరుపక్షాలా కమీషన్ తీసుకుంటున్నాడేమో కూడా అప్పుడే అడగాలి. 2016 రెరా చట్టం ప్రకారం ఏజెంట్ల రిజిస్ట్రేషన్ రెరాలో నమోదైన ప్రాజెక్టుల్లోని అమ్మకాలకు సంబంధించినది. పాత ఇంటి దళారీ మంచిచెడ్డలు యజమానే విచారించుకోవాలి.

కాగితాలను దళారీకి వదలరాదు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడక ముందు పొదిలి నెల్లూరు జిల్లాలోనిది, పాత మూల దస్తావేజుల్లో ఆ పేరే ఉంటుంది. లింకు దస్తావేజులు, ఈసీ యజమాని ముందే సిద్ధం చేసుకోవాలి. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో మార్కెట్ విలువ కూడా తెలుసుకోవాలి. అమ్మకం ధర కంటే ఆ విలువ నూటికి పదికి మించి ఎక్కువైతే పన్నుకు ఆ విలువనే ధరగా పరిగణిస్తారు.

బయానా 20 వేలు గాని, అంతకు మించి గాని నగదుగా పుచ్చుకోరాదు. 2015 జూన్ నుండి ఈ నిషేధం ఉన్నది, పుచ్చుకున్నంతా అపరాధ రుసుముగా పడవచ్చు. దళారీకి ఇచ్చేది సైతం చెక్కుతో ఇచ్చి రసీదు తీసుకుంటే, అమ్మకపు ఖర్చుగా లాభంలో నుండి తీసివేసుకోవచ్చు.