రేకు గరాటులో క్యాప్సికం

ఫోటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ 1930 ఆగస్టులో కాలిఫోర్నియాలోని కార్మెల్‌లో తీసిన 'పెప్పర్ నం. 30' ఫోటోలో ఉన్నది ఒకే ఒక్క క్యాప్సికం. చూస్తే వీపు వంచి కూర్చున్న మనిషి కండల్లా ఉంటుంది. ఆ రూపం సగం కాయది, మిగతా సగం వెలుతురుది.

అంతకుముందు కొన్నేళ్ల నుంచే ఆయన క్యాప్సికంలను తీస్తున్నాడు. ఈసారి పెద్ద రేకు గరాటును పక్కకు పడుకోబెట్టి, దాని నోట్లో కాయను పెట్టాడు. వెలుతురు పగటిదే. కాయను మామూలుగా బల్ల మీద పెడితే వెలుగు పడని వైపు నల్లగా మూసుకుపోతుంది, వెనక బల్ల అంచు గీతలా అడ్డొస్తుంది. గరాటు ఈ రెండు చిక్కులనూ తీర్చింది. దాని వంపు గోడలు వెలుతురును పట్టి మళ్లీ కాయ మీదికి విసిరాయి. మడతల్లోని నీడలకు కాస్త ఊపిరి అందింది. వెనక ఏ గీతా లేకుండా బూడిద రంగు మెల్లగా చీకట్లోకి జారింది.

నున్నటి తొక్క మీద కనిపించే మెరుపు నిజానికి దీపం ప్రతిబింబమే. చిన్న బల్బు పెడితే చుక్కలా గుచ్చుకుంటుంది, కిటికీ అయితే వెడల్పుగా పరుచుకుంటుంది. ఇక్కడ దీపం సైజు ఒక్కటే లెక్క కాదు, దూరమూ లెక్కే. సూర్యుడు ఎంత పెద్దవాడైనా అంత దూరాన ఉన్నాడు కాబట్టే ఎండలో నీడలు కరకుగా పడతాయి. సాఫ్ట్‌బాక్స్‌ను (దీపానికి తొడిగే తెల్ల గుడ్డ పెట్టెను) దూరంగా పెట్టి వెలుగు మెత్తగా రాలేదనుకునే వాళ్లు ముందు దాన్ని దగ్గరికి జరపాలి. కెమెరా మీది ఫ్లాష్ మాత్రం వద్దు. నీడలన్నీ వస్తువు వెనక దాక్కుని రూపం చదునైపోతుంది.

వెస్టన్ వాడింది 8×10 అంగుళాల కెమెరా. అంత దగ్గర్లో కాయంతా స్పష్టంగా రావాలంటే అపెర్చర్‌ను, అంటే లెన్స్ రంధ్రాన్ని, బాగా మూయాలి. అందుకే ఎక్స్‌పోజర్‌కు నిమిషాలు పట్టింది. నెగెటివ్ ఎంతుందో ప్రింటూ అంతే కాబట్టి కూర్పంతా కెమెరా వెనకున్న గరుకు గాజు మీదే తేలాలి. అక్కడ బొమ్మ తలకిందులుగా పడుతుంది. అలా చూసినప్పుడు కూరగాయ సంగతి మరుగున పడి, వెలుగునీడల ఆకారాలే కంటికి ఆనతాయి. ఫ్రేములో పళ్లెం, కత్తి లాంటివేవీ లేకపోవడమే ఆ కూర్పుకు బలమని నా అభిప్రాయం.

ఇంట్లో చేసి చూడటానికి ఫోను చాలు. ట్యూబ్‌లైట్ రంగు కలవకుండా గదిలో దీపాలన్నీ ఆర్పి, కిటికీ పక్కన ఒక వంకాయ పెట్టండి. నీడ వైపు తెల్ల థర్మాకోల్ ముక్కను దగ్గరికీ దూరానికీ జరపండి. ఎక్కడ నీడ విచ్చుకుంటోందో కళ్లతో పట్టుకున్నాకే ఫోటో తీయండి.